ఉదయగిరి కుంటలో ఎర్రనీళ్ళు

డెబ్బైల చివర్లో ఉదయగిరి బడిలో సైన్సు టీచరుగా చేరాను. మా వీధిలో బీయస్సీ చదివిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి నా తలకు బాగానే ఎక్కింది.

ఆ వేసవి మొదట్లోనే వీధి చివరి కుంట అడుగంటి, మిగిలిన కాసిని నీళ్ళూ ఎర్రబడ్డాయి. బీట్‌రూటు ఉడికించిన నీళ్ళ రంగు. కంపు సంగతి చెప్పక్కర్లేదు. గొర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరిగిపోయాయి. గట్టున ఒక సాయబు కాపురం ఉండేవాడు. పాత చీరలకు, తలగుడ్డలకు రంగులు వేయడం ఆయన పని. ఇంకేం, అందరి చూపూ ఆయన ఇంటి మీదే పడింది.

గొర్రెల మందలున్న పెద్దాయన ఒకడు నన్ను పిలిపించాడు.

"సదువుకున్నదానివి. చెప్పమ్మా, ఇదేంది?"

నాకు తెలియదు. తెలియదని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పెద్ద తెలిసినదానిలా, "ఇంకేముంది, రంగే" అన్నాను.

సాయబు గుడ్డముక్క ఏదో చేతిలో పట్టుకుని నా వెంట పరుగెత్తుకొచ్చాడు. "టీచరమ్మా, ఒక్క నిమిషం ఇనండి! నా తొట్టి నీళ్ళు ఈ పక్కకే రావు!"

బడికి టైమవుతోందని చెప్పి వచ్చేశాను.

వారం తిరక్కుండా ఆయన్ని కుంటలో గానీ వీధి బావిలో గానీ నీళ్ళు ముట్టుకోవద్దన్నారు. నీళ్ళు లేకుండా రంగుల పని ఎట్లా సాగుతుంది? పెళ్ళాం బిడ్డలతో ఆత్మకూరు బస్సెక్కాడు.

ఆ తర్వాత నాకు మనసులో పీకుడు మొదలైంది. కాలేజీ నాటి పుస్తకం దులిపి తీశాను. గాలి ఆడని మురుగునీళ్ళలో వెలుతురును పట్టుకుని, దాంతోనే బతికే ఎర్రటి బాక్టీరియా ఉంటుందని అందులో ఒక పేరా. పరీక్షకు రాదులే అని పెన్సిలుతో నేనే అడ్డంగా కొట్టేసిన పేరా. ఛీ, నా చదువు!

కుంట బురద రెండు గాజు సీసాల్లో వేసి, బావినీళ్ళు నింపి, మూతలు బిగించాను. ఒకటి కిటికీలో పెట్టాను, ఒకటి ట్రంకు పెట్టెలో. నెల దాటేసరికి కిటికీలోది ఎర్రబడింది. పెట్టెలోది నల్లగానే ఉంది. వెలుతురు తగిలితే పెరిగే అద్దకం రంగు లోకంలో ఎక్కడైనా ఉందా?

సీసాలు రెండూ మోసుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టాను. బురదలో ప్రాణమున్నవి ఎండ తిని ఎర్రబడ్డాయనీ, వాటికి కావలసిన పేడా కుళ్ళూ మన వీధివాళ్ళే కుంటలో పోశారనీ చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు.

"ఆ పొద్దు నువ్వే గదమ్మా రంగన్యావు? ఈ పొద్దు ఎండంటావా? పో తల్లీ, పొయ్యి పిల్లోళ్ళకు చెప్పుకో."

నా మాట ఒక మనిషిని ఊరు దాటించడానికి సరిపోయింది, తిరిగి తీసుకురావడానికి సరిపోలేదు.

సెలవు చూసుకుని ఎర్రసీసాతో ఆత్మకూరు వెళ్ళాను. సాయబు బస్టాండు దగ్గర సైకిళ్ళకు పంచర్లు వేస్తున్నాడు. గోళ్ళ సందుల్లో రంగు మరకలు ఇంకా పోలేదు.

"తప్పు నాదే భాయ్. ఇదిగో రుజువు" అని సీసా చేతికిచ్చాను.

ఎండకెత్తి చూశాడు. మూత తీసి, తెల్లగుడ్డ పీలిక ఒకటి అందులో ముంచి, గట్టిగా పిండి, కుండలోని మంచినీళ్ళతో జాడించి నా ముందు పరిచాడు. మరకన్నది లేదు.

"చూడండి, తెల్లంగానే ఉండాది. రంగయితే గుడ్డని వదలదు. ఇది చూపియ్యాలనే ఆ పొద్దు గుడ్డ తీసుకోని మీ ఎనకాల పడినాను టీచరమ్మా. మీకు బడికి టైమయింది."

టైమవుతోందని నేను తప్పించుకున్న ఆ రోజు అసలు బడే లేదు. ఆదివారం.