లాకుల దగ్గర తేలిన సోషల్ పుస్తకం

పోయిన వారం అన్నయ్యతో కలిసి రాజమండ్రి వెళ్ళాను. అన్నయ్య మనవరాలు ఈ ఏడు మూడో తరగతిలోకి వచ్చింది, దానికి పుస్తకాలు కొనాలి. జూన్ నెలలో పుస్తకాల కొట్టంటే తెలిసిందే కదా, తిరణాల. చెమటలు కక్కుతూ గంటసేపు నిలబడితే మా వంతొచ్చింది. "పాత సెట్టు ఉందండి. ఒక్క ఏడాదే వాడారు, పెన్సిలు గీత కూడా లేదు. సగానికి ఇచ్చేస్తాను" అన్నాడు కొట్టాయన. అన్నయ్యకి వినపడలేదు, కొట్టాయన ఎడమవైపునుంచి చెప్పాడు మరి. మెడ తిప్పి కుడిచెవి అటు పెట్టి, రెండోసారి విని, "వద్దండి, కొత్తవే ఇవ్వండి" అన్నాడు. మా అన్నయ్య వంకాయల బండి దగ్గర పావుగంట బేరమాడే మనిషి. పుస్తకాల దగ్గర మాత్రం ఎప్పుడూ ఇంతే. ఆ ఎడమచెవి పోవడానికీ, ఈ పాత పుస్తకాలంటే పడకపోవడానికీ కారణం నేనే. ఈ సంగతి నేను ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, అన్నయ్యకి కూడా.

మా నాన్న ఇరిగేషన్లో లస్కరు. ధవళేశ్వరం దిగువన కాలవ మీద లాకులుండేవి, వాటి తలుపులు ఎత్తడం, దించడం, కొట్టుకొచ్చిన చెత్త తీయడం ఆయన ఉద్యోగం. లాకుల పక్కనే మా క్వార్టరు. బడి ఖర్చులో నాన్న చేసిన పొదుపు ఇంకెవరూ చేసుండరు. అన్నయ్య నిక్కరుకి, నా గౌనుకి లోపల జానెడు మడత పెట్టించి, ఏడాదికింత చొప్పున విప్పించేవారు. మూడో ఏటికి గౌను కింద మూడు రంగుల చారలు కనపడేవి. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలన్నీ చింపి, దబ్బనంతో కుట్టి కొత్త నోటుపుస్తకం చేసేవారు. అట్టలకి ఆఫీసులో ఖాళీ అయిన సిమెంటు బస్తాల కాగితం. పుస్తకం తెరిచిన ప్రతిసారీ మేం తుమ్మేవాళ్ళం. అన్నీ పొదుపుగా వాడిన మనిషి దెబ్బల దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీయలేదు. ఖాకీ బెల్టు మేకుకి వేలాడుతూ ఉండేది. దాని బిళ్ళ గుర్తు నా పిక్క మీద చాలాకాలం ఉంది.

అన్నయ్య నాకంటే ఒక తరగతి ముందు. వాడికి పాత పుస్తకాలు కొనేవారు, మరుసటేడు అవే నాకు. అందుకని ఆఖరి పరీక్ష రాసొచ్చిన సాయంత్రం మా ఇంట్లో పేజీల లెక్క జరిగేది. నాన్న చాప మీద కూర్చుని ఒక్కో పుస్తకం మొదటినుంచీ లెక్కపెట్టేవారు. పేజీ పోతే ఒక దెబ్బ, సిరా మరకకి ఒకటి, కుక్క చెవిలా మూల మడిస్తే ఒకటి. అన్నయ్య గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నించునేవాడు. ఆ పుస్తకాలకి వారసురాలిని కాబట్టి ఏడాది పొడుగునా నేను కాపలా. "మరక పడింది, నాన్నతో చెప్తా" అని రోజూ బెదిరించేదాన్ని, చాలాసార్లు చెప్పేదాన్ని కూడా. దానికి అన్నయ్య నా జడ పట్టుకుని గోడకేసి గుద్దేవాడు, నేను వాడి ముంజేయి రక్తం వచ్చేలా కొరికేదాన్ని. అమ్మ వచ్చి పప్పుగుత్తితో ఇద్దర్నీ సమానంగా బాదేది. ఆ ఇంట్లో ఎవరి చేతికి అందినవాళ్ళని వాళ్ళు కొట్టడమే.

కొట్టుడు ఇంటితో ఆగేదీ కాదు. ఒకసారి రాజమండ్రిలో కొన్న పాత లెక్కల పుస్తకంలో వెనక జవాబుల పేజీలు లేవు. నాన్న మండుటెండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, కొట్టువాడి కాలరు పట్టుకుని బల్ల ఇవతలకి లాగారు. వాడు ఇనప స్కేలుతో నాన్న నుదురు చీల్చాడు. ఇద్దరూ అట్టలూ గ్లోబులూ తన్నుకుంటూ రోడ్డు మీద పడ్డారట. నాన్న చిరిగిన చొక్కాతో, నెత్తుటి మొహంతో, గెలిచి డబ్బు వెనక్కి తెచ్చుకున్నారు. వచ్చీరాగానే, కొన్నప్పుడే పేజీలు ఎందుకు చూసుకోలేదని అన్నయ్యని వాయించారు.

నేను ఎనిమిదిలోకి వచ్చిన ఏడు నాకొక పిచ్చి పట్టింది. ఒక్క కొత్త పుస్తకం కావాలి. ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయి కొత్త పుస్తకం మధ్యకి తెరిచి ముక్కు పెట్టి వాసన చూసేది, నన్ను చూడనిచ్చేది కాదని ఇంటికొచ్చి అన్నయ్య దగ్గర సణిగేదాన్ని. నా పుస్తకాలకి సిమెంటు వాసన తప్ప ఇంకోటి ఉండేది కాదు. సోషల్ పుస్తకం పోయిందంటే కొత్తది కొనక చస్తారా అనుకున్నాను. పుస్తకాలు ట్రంకుపెట్టెలో అన్నయ్య పూచీ మీద ఉండేవి, బడి తెరిచే ముందురోజు నాకు అప్పగింత. దెబ్బలు వాడికే పడతాయని నాకు తెలియదని రాస్తే అబద్ధం. తెలుసు. రోజూ పడేవే కదా, ఇంకో నాలుగు పడతాయి అనుకున్నాను. వేసవంతా కట్టేసిన కాలవకి అప్పుడే నీళ్ళొదిలారు. పొద్దున్నే ఎగువ వంతెన దాకా నడిచి, పుస్తకాన్ని గౌనులోంచి తీసి నీళ్ళలోకి విసిరాను. అటునుంచి అటే సముద్రానికి పోతుందని నా లెక్క.

లస్కరు కూతురు చేయవలసిన పని కాదది. మొదటి నీళ్ళకి కాలవలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, కొబ్బరి డొక్కలు, చచ్చిన కుక్కలు అన్నీ వచ్చి లాకుల తలుపుల దగ్గరే ఆగుతాయి. వాటిని కొక్కెంగడతో బయటికి లాగేది మా నాన్నే.

మధ్యాహ్నం ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి చేతిలో సోషల్ పుస్తకం నీళ్ళు కారుతోంది. ఆయన వేసిన సిమెంటు కాగితం అట్ట, ఆయన చేత్తో రాసిన పేరు. "ఎవరు?" అన్నారు. నేను అమ్మ వెనక్కి జరిగాను. అన్నయ్య ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. నా మొహంలో ఏం కనపడిందో ఏమో, "నేనేనండి. జారిపోయింది" అన్నాడు.

"సెలవల్లో కాలవగట్టు మీద సోషల్ పుస్తకంతో ఏం పనిరా నీకు?"

అన్నయ్య గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. బెల్టు మేకు మీదనుంచి దిగింది. బిళ్ళ వైపుతో కొట్టారు, వీపు మీద, భుజాల మీద, అడ్డుపెట్టిన చేతుల మీద. చొక్కా చిరిగి చర్మానికి అతుక్కుంది. అమ్మ అడ్డం వెళితే అమ్మని ఒక్క తోపు తోశారు, బిందె మీద పడి ఆవిడ గాజులు పగిలాయి. ఆఖరికి బెల్టు విసిరేసి, లాకుల చక్రం తిప్పి కాయలు కాసిన అరచేత్తో చెంప మీద కొట్టారు. అన్నయ్య పక్కకి ఒరిగి కూలబడి, చెవి పట్టుకున్నాడు. వేళ్ళ మధ్యనుంచి నెత్తురు సన్నగా కారింది. నేను నోరు తెరవలేదు. ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకు అసహ్యం వేస్తుంది. నాన్న చాప పరుచుకుని, ఆయాసపడుతూ, తడి పుస్తకంలో పేజీలు లెక్కపెట్టారు. ఒక్కటీ పోలేదు.

నాలుగో రోజుకి చెవిలో చీము పట్టింది. పెద్దాసుపత్రిలో చెవి లోపలి పొర చిరిగిందన్నారు. "ఈతకొడుతూ దెబ్బ తగిలించుకున్నాడండి" అని నాన్న చెప్పారు, అన్నయ్య తలూపాడు. బస్సు ఛార్జీలకీ, చుక్కల మందులకీ అయినదాంతో ఇద్దరికీ కొత్త పుస్తకాలే వచ్చేవి. నాన్న ఆ తర్వాత చెయ్యి చేసుకోలేదని రాయాలని ఉంది. దసరా దాకా ఆగారు, అంతే. సోషల్ పుస్తకాన్ని అమ్మ పొయ్యి పక్కన ఒక్కో పేజీ ఆరబెట్టింది. అది ఉబ్బిపోయి సంచిలో పట్టేది కాదు. ఏడాదంతా నేను అందులోనే చదివాను. ఏ పేజీ తిప్పినా ఇసుక రాలేది.

కొట్టాయన కొత్త సెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను సంచీ తెరిచి పట్టుకున్నాను. అన్నయ్య పైనున్న పుస్తకం తీసి, మధ్యకి తెరిచి, సంచిలో వేయకుండా నా ముందు పెట్టాడు.

"ఇదిగో, వాసన చూస్కో. దీనికోసమే కదే ఆ రోజు" అన్నాడు.

వెనకాల జనం తోస్తున్నారు. ఎప్పట్నుంచి తెలుసని అడిగాను గానీ, నేను ఉన్నది ఎడమచెవి వైపు, అన్నయ్య అప్పటికే డబ్బులివ్వడానికి అటు తిరిగిపోయాడు. పుస్తకంలో మొహం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. నలభై ఏళ్ళకి పైగా అన్నయ్య దగ్గర నేను దాచాననుకున్న సంగతిని, అన్నేళ్ళూ నాకోసం దాస్తూ వచ్చింది అన్నయ్యే.