ఐదు వైపుల పెట్టె

1999 వేసవిలో నన్ను జగ్గయ్యపేట పట్టణ సెక్షన్‌కు కరెంటు శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా, అంటే ఏఈగా, వేశారు. చేరిన కొద్ది వారాలకే, కరెంటు మీటర్ల జోలికి ఎవరూ పోకుండా కాపాడే ఇనుప పెట్టె ఒకటి నా సొంత బుర్రతో తయారుచేశాను. దానికి ఐదు వైపులే ఉన్నాయి. పెట్టె అన్నాక ఆరు వైపులుంటాయని నాకు తెలియక కాదు. ఇంజనీరింగు కాలేజీలో ఆ మేరకు చెప్పారు. ఆరో వైపు ఎలాగూ గోడ ఉంటుంది గదా, దానికి రేకు దండగ అనుకున్నాను. ఆ గోడ ఎవరిది అన్న ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు.

ఆ రోజుల్లో మీటర్లు ఇళ్ళ లోపల, నడవాలోనో హాల్లోనో ఉండేవి. మీటర్ రీడర్ వచ్చి తలుపు తట్టి, లోపలివాళ్ళు తీసేదాకా నిలబడాలి. ఆ తట్టడానికీ తీయడానికీ మధ్య కొన్ని ఇళ్ళలో చాలా పని జరిగేది. మీటరు అద్దం సందులో ఫొటో ఫిల్ము ముక్క దూర్చి, లోపల తిరిగే చక్రాన్ని ఆపేవాళ్ళున్నారు. మీటరుకు ముందే వైరుకు వైరు తగిలించి, అసలు మీటరుకు తెలియకుండానే వాడుకునేవాళ్ళున్నారు. అందుకని మీటర్లన్నీ వీధివైపు గోడకు మార్చి, పెట్టెల్లో పెట్టి సీలు వేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సీలు అంటే మెలితిప్పిన సన్నటి తీగ, దాని చివర ఒక సీసపు పూస. పూసను పట్టకారుతో నొక్కితే సెక్షన్ గుర్తు పడుతుంది. దాన్ని తెంచడం పసిపిల్లల పని. మళ్ళీ అతికించడం ఎవరి తరమూ కాదు. సీలు గొప్పతనమల్లా అదే.

సీళ్ళు బాగానే ఉన్నా, వచ్చిన పెట్టెలు బాగా లేవు. రేకు పలచన, స్క్రూడ్రైవరుతో అంచు లేపితే బిస్కట్ డబ్బాలా తెరుచుకునేవి. నాకు పౌరుషం వచ్చింది. వెల్డింగు షాపులో కూర్చుని మందపాటి రేకుతో పెట్టె చేయించాను. బందులు లోపలివైపు. బోల్టులకు మూడు మూలల తల. దానికి సరిపోయే తాళంచెవి నా దగ్గర తప్ప మరెక్కడా లేదు. రీడింగు కనబడేందుకు ముందు దళసరి అద్దం. మే నెలలో మా ఊళ్ళో ఇనుప రేకు మీద అట్టు పోసుకోవచ్చు గనక, మీటరు ఉడికిపోకుండా రెండు పక్కలా గాలి సందులు. వెనక ఏమీ లేదు.

పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో నందిగామ వెళ్ళాను. మా మీద అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు, ఆయన మీద నందిగామలో డివిజనల్ ఇంజనీరు, అంటే డీఈ. డీఈ గారు పెట్టెను వేళ్ళతో తట్టారు, అద్దంలోంచి చూశారు, వెనక్కి తిప్పారు.

"వెనకేదయ్యా?"

"వెనక గోడ ఉంటుంది గదండీ. రేకు ఆదా అవుతుంది."

"గోడ ఉంటుంది," అన్నారాయన. కాసేపు ఆలోచించి, ప్రయోగం కింద ఒక్క వీధికి మంజూరు చేశారు. అది పప్పుల బజారు.

ఆ వీధి చివర ఎదురెదురుగా రెండు వ్యాపారాలుండేవి. ఒకవైపు రంగనాయకులు గారి కందిపప్పు హోల్‌సేల్ కొట్టు, వెనక గోడౌను. గోడౌనులో పప్పుకు పాలిష్ పట్టే యంత్రం ఉండేది గాని, గిట్టుబాటు కాక ఏనాడో ఆపేశానని, గోనెసంచులు కప్పి ఉంచానని ఆయన చెప్పేవారు. రెండోవైపు మస్తాన్ బీ నడిపే పిండిమర. ఆమె భర్త సిమెంటు లారీ తోలేవాడు. వారంలో ఏ రోజు ఇంట్లో ఉంటాడో ఆయనకే తెలియదు. ఇల్లు గడిచేది మర మీదే.

మొదటి పెట్టె మా గోడకే పెట్టాలని రంగనాయకులు గారు పట్టుబట్టారు. కొబ్బరికాయ కొట్టారు, పెట్టెకు బొట్టు పెట్టారు, నాకు సోడా ఇచ్చారు.

"బ్యాంకు లాకరులా ఉందండీ ఏఈ గారూ! మా ఆవిడ నగలు కూడా ఇందులోనే పెట్టచ్చు. తాళం మీ దగ్గరుంటదంటేనే కొంచెం ఆలోచన," అన్నారు.

అందరూ నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. పెట్టెతో పాటు నా బుర్రకు కూడా ఆ రోజే సీలు పడిందని ఇప్పుడు అనిపిస్తుంది.

వర్షాలు మొదలయ్యేసరికి మస్తాన్ బీ మోటారు కాలిపోయింది. ఆమె దాన్ని నందిగామలో రివైండింగు చేయించి బిగించుకుంది. శీతాకాలం రాకముందే మళ్ళీ కాలింది. మోటారుకు అందవలసిన ఓల్టేజీ అందకపోతే, అదే పని చేయడానికి అది ఎక్కువ కరెంటు లాగుతుంది. లాగి లాగి లోపలి చుట్లు కాలిపోతాయి. లైను చివర ఎక్కడో ఎవరో చెప్పకుండా పెద్ద యంత్రం ఆడిస్తే ఓల్టేజీ ఇలాగే పడిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వెళ్ళిన యూనిట్లకూ, వీధి మీటర్లన్నిటిలో పడ్డ యూనిట్లకూ పొంతన లేదని కూడా తెలుసు. అయినా నేను వైరు పాతదన్నాను, లైను పొడవన్నాను, వేపకొమ్మలు తగులుతున్నాయన్నాను.

మస్తాన్ బీ ఆఫీసుకు వచ్చింది.

"ఏఈ గారూ, మీ పెట్టెలు పెట్టినకాడి నుంచే నాకీ గోల."

"పెట్టెలున్నయ్ కాబట్టే చెప్తున్నా. ఆ వీధిలో దొంగతనం జరగదమ్మా."

"పెట్టెలుంటయ్ సార్. నా మోటారే ఉండేట్టు లేదు. ఇంకొక్కసారి కాలితే చుట్టడానికి కూడా పనికిరాదని మిస్త్రీ చెప్పేశాడు. కొత్తది కొనే స్తోమత మాకేడుంది? మర మూసేయడమే. మూస్తే షెడ్డు గోడౌనుకు తీసుకుంటానని రంగనాయకులు గారు చెప్పనే చెప్పాడు. మంచి మనిషి, అద్దె కూడా తనే అనుకునేశాడు."

వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఇంకోటి సార్. నేను మర ఆపినా మోత ఆగట్లా. ఎందుకంటారు?"

"రోజంతా ఆ మోతలో ఉంటావు గదమ్మా, చెవుల్లో ఉండిపోతుంది," అని విజ్ఞానశాస్త్రం చెప్పి పంపించాను.

ఆ సాయంత్రమే వెళ్ళి వీధిలోని సీళ్ళన్నీ చూసుకున్నాను. ఒక్కటీ చెదరలేదు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరుకు టాంగ్ టెస్టర్ పెట్టి చూస్తే, అంటే తీగను పట్టకారులా పట్టుకుని అందులో పారే కరెంటును చెప్పే సాధనాన్ని వాడితే, సంగతి అయిదు నిమిషాల్లో తేలేది. సీలు సరిగ్గా ఉన్న పెట్టెను అనుమానించడం నన్ను నేను అనుమానించుకోవడమే అనిపించి, ఆ పని చేయలేదు.

కొన్నాళ్ళకు ఒక శుక్రవారం సాయంత్రం ఓల్టేజీ చూద్దామని లైన్‌మన్ వెంకట్రావును వెంటబెట్టుకుని వీధి చివరికి వెళ్ళాను. బల్బులు కునుకుపాట్లు పడుతున్నాయి. మస్తాన్ బీ భయపడి మర ఆపేసింది. పిండి కోసం వచ్చినవాళ్ళు డబ్బాలు పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. వెంకట్రావు స్తంభానికి నిచ్చెన వేసి ఎక్కాడు. మర ఆగినా గరగరమంటూ మోత వినిపిస్తూనే ఉంది. నా చెవుల్లో కూడా ఉండిపోయిందన్నమాట అనుకున్నాను.

అంతలో బల్ల మీద నుంచి ఎవరో కేకేశారు. "పెట్టె తగలడతంది! పెట్టె!"

రంగనాయకులు గారి గోడకున్న నా పెట్టె రెండు పక్కల గాలి సందుల్లోంచీ తెల్లటి పొగ ధారాళంగా వస్తోంది. ఫ్యూజు లాగమని వెంకట్రావుకు అరిచి, ఇసుక బకెట్టు కోసం పరుగెత్తి, అది దొరక్క, ఉత్త చేతులతో పెట్టె దగ్గరికి చేరాను. వైరు మీది తొడుగు కాలితే ముక్కు మండుతుంది, కళ్ళు నీళ్ళు కారతాయి. ఈ పొగ పీలిస్తే చేతులు జోడించబుద్ధయింది. అది సాంబ్రాణి.

మస్తాన్ బీ నా వెనకే వచ్చి నిలబడింది. ఒకసారి వాసన చూసింది.

"సార్, మీ పెట్టె కూడా శుక్రవారం చేస్తందా?"

ఆ మాటతో పాటే మరొకటి గమనించాను. ఫ్యూజు లాగగానే మోత ఆగింది.

కొట్లోకి వెళ్ళాను. గుమాస్తా సాంబ్రాణి కుంపటి పట్టుకుని, వెంకటేశ్వరస్వామి పెద్ద పటం ముందు విసనకర్రతో విసురుతున్నాడు. కరెంటు పోయినా పూజ ఆగలేదు. పటం వేలాడుతున్నది నా పెట్టె ఉన్న గోడకే, సరిగ్గా పెట్టె వెనకే. విసిరిన పొగ పటం చాటుకు వెళ్తోంది గాని తిరిగి రావడం లేదు.

పటం దించమన్నాను.

"అపచారమండీ! శుక్రవారం పూట స్వామిని కదపకూడదు. రేపు పొద్దున్నే రండి, నేనే దించిపెడతా," అన్నారు రంగనాయకులు గారు.

నాకూ భక్తి ఉంది. పక్కనే ఉన్న సోడా కొట్టు దగ్గర చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చి, దండం పెట్టుకుని, అపరాధం మన్నించమని చెప్పుకుని పటం దించాను. వెనక ఇటుకలు తీసిన చోట చతురస్రంగా కన్నం. అంచులకు సిమెంటు నున్నగా పూశారు. పనితనం నా పెట్టెకంటే బాగుంది. కన్నంలోంచి మీటరు వీపు కనబడుతోంది. మీటరులోకి వెళ్ళే వైర్లకు ముందే కొక్కేలు తగిలించి ఉన్నాయి. అక్కడి నుంచి వైర్లు గోడలోంచే గోడౌనుకు, గోనెసంచుల కిందికి వెళ్ళాయి. నా పెట్టెను వెనకనుంచి చూడడం నాకదే మొదటిసారి.

పంచనామా రాశాము. దొంగతనం పట్టుబడినప్పుడు అక్కడికక్కడే ఇద్దరు సాక్షులతో సంతకం చేయించి రాసుకునే పత్రం అది. ఆ వీధిలో రంగనాయకులు గారికి వ్యతిరేకంగా సంతకం పెట్టేవాళ్ళు ఉండరనుకున్నాను. సోడా కొట్టతను పెట్టాడు. మస్తాన్ బీ తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, తీరిగ్గా రాసింది.

సోమవారం డీఈ గారు నందిగామ నుంచి తనిఖీకి వచ్చారు. రంగనాయకులు గారు కుర్చీ వేయించి, సోడా తెప్పించి, వినయంగా చెప్పుకున్నారు.

"ఐదు వైపులు మీవండీ, ఆరోది నాది. మీ వైపు ఒక్కటీ ముట్టుకోలేదు. కావాలంటే సీళ్ళు చూస్కోండి."

డీఈ గారు సీళ్ళు చూశారు. కన్నం చూశారు. నన్ను చూశారు.

"వెనక గోడ ఉంటుందన్నావు."

"ఉందండి."

"ఉంది," అని ఆయన సోడా తాగేశారు.

రంగనాయకులు గారికి జరిమానా పడింది; బేరమాడకుండా కట్టేశారు. పెట్టెకు వెనక రేకు ఎందుకు పెట్టలేదో సంజాయిషీ ఇమ్మని నాకు మెమో వచ్చింది. అంతటితో సరిపోయేది. కానీ రంగనాయకులు గారు, ఏఈ గారు పెట్టెలు చేయడం నేర్చుకోవడానికి మా గోడ ఇచ్చామని బజారంతా చెప్పుకున్నారు. ఆ మాట నందిగామ దాకా వెళ్ళింది. డివిజను మీటింగుకు వెళ్తే, నా పేరు తెలియనివాళ్ళు కూడా నన్ను ఐదు వైపుల ఇంజనీరు అనేవారు.

ఇప్పుడు ముందే డబ్బు కట్టించుకునే స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి. వాటికి ఎండకు పగలని, సుత్తికి లొంగని పెట్టెలు కూడా వస్తున్నాయట. ఎలాంటివి మంచివని కుర్ర ఇంజనీర్లు అడుగుతుంటారు. పెట్టెను ముందు వెనక్కి తిప్పి చూడమంటాను. ఆ పైన, పెట్టె ఎంత గట్టిదన్నది రెండో సంగతి, ఎవరి కళ్ళ ఎదుట ఉందన్నది మొదటి సంగతి అంటాను. సీలు చెదరలేదంటే సీలు చెదరలేదనే అర్థం. అంతకు మించి ఏమీ కాదు. నేను నేర్చుకున్నది ఇంతే.

మళ్ళీ ఆనాటి సంగతికొస్తే, మీటరు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే అధికారం శాఖది. ఆరు వైపుల పెట్టె ఒకటి చేయించి, రంగనాయకులు గారి మీటరును తీసుకెళ్ళి మస్తాన్ బీ పిండిమర ముందు గోడకు బిగించాను. పిండి కోసం వచ్చినవాళ్ళు కూర్చునే బల్లకు ఎదురుగా, కంటికి సూటిగా అద్దం. అక్కడి నుంచి వీధి దాటి ఆయన కొట్టుకు వైరు.

"నా మీటరు పరాయి గోడ మీదా?" అన్నారాయన.

"గోడ ఆవిడదండీ. అడిగే పెట్టాను," అన్నాను.

మస్తాన్ బీ మోటారు మళ్ళీ కాలలేదు. పాలిష్ యంత్రం మాత్రం, ఇప్పుడు మీటరులోంచే కరెంటు తీసుకుని, తిరుగుతూనే ఉంది. బల్ల మీద కూర్చున్నవాళ్ళకు వేరే కాలక్షేపం లేదు, చక్రాన్ని చూసేవారు. "పొద్దుట్నుంచి చక్రం ఆగలా, బాగానే ఆడిస్తన్నాడు," అని ఒకరంటే, "అయితే సరుకు దండిగా దిగినట్టే," అని మరొకరు. చిల్లర కొట్లవాళ్ళు ముందు మర దగ్గరికొచ్చి, చక్రం చూసుకుని, తర్వాత వీధి దాటి ఆయనతో ధర మాట్లాడేవారు. సరుకు తక్కువగా ఉందని ఆయన ఎన్ని ఒట్లు పెట్టుకున్నా నమ్మేవాళ్ళు లేరు.

కొంతకాలానికి రంగనాయకులు గారు స్వయంగా ఆఫీసుకొచ్చి అర్జీ ఇచ్చారు. తన మీటరుకు భద్రత చాలడం లేదనీ, అద్దం తీసేసి నాలుగు పక్కలా ముందూ వెనకా గట్టి రేకు వేయించాలనీ, ఖర్చు తానే భరిస్తాననీ ఆయన విన్నపం.

నేను అర్జీ మీద రాశాను: "స్వయంగా తనిఖీ చేయడమైనది. పెట్టె ఆరు వైపులా సక్రమంగా ఉన్నది. మార్పు అవసరం లేదు."