తీసిన చోటే

మా భూగర్భశాస్త్రం మాస్టారు గుట్ట మీద ఏ రాయి తీసినా ముందు బాటిల్‌లోని నీళ్లతో తడిపేవారు. నల్లరాయిలో ఆకుపచ్చ మెరిసేది.

"ఇది భూమి లోపలి రాయి. రెండు ఖండాలు గుద్దుకుంటే పైకొచ్చింది. యాడ తీసినామో ఆడే పెట్టాల" అంటూ, మునుపు ఎలా ఉందో అలాగే పెట్టేసేవారు. నేను మాత్రం ఒకదాన్ని దొంగతనంగా సంచిలో వేసుకున్నాను.

మొన్న ఆయన సమాధి గుంత చుట్టూ నిలబడి అందరూ పిడికెడు మన్ను వేస్తున్నారు. ఆ రాయిని ఆయనతో పంపుదామని నేను చెయ్యి చాచాను. ఆయన భార్య రాయిని చూడగానే గుట్ట మీదిదని పోల్చుకుని, నా మణికట్టు పట్టుకున్నారు.

"అంత లోతు నించి పైకొచ్చింది నాయనా. యాడ తీసినావో ఆడే పెట్టు. కిందికి ఈయన్ని పంపతా ఉండాం, చాలు."