ఒలవని పల్లికాయ

వనపర్తి బస్టాండులో గద్వాల బస్సు కోసం కూర్చుని, అగ్గిపెట్టెంత పరికరాన్ని విసుగ్గా అరచేతికేసి కొడుతున్నాను. దాని లోపల ఆవగింజ కన్నా చిన్న అద్దం ఒకటి కదులుతూ వెలుతురును విడదీస్తుంది. ఆ వెలుతురును బట్టి పల్లికాయలో తేమ ఎంతో అది చెప్పాలి. మా ప్రయోగశాలలో అందరం మూడేళ్లు దాని మీదే పనిచేశాం. తీరా మార్కెట్ యార్డులో పెడితే, ఒకే కాయను ఎటు తిప్పితే అటు ఒక కొత్త అంకె చూపిస్తోంది.

"ఏంది బిడ్డా, గా డబ్బిని గట్ల కొడుతున్నవ్?" పక్కన మూటతో కూర్చున్న పెద్దావిడ అడిగింది. చెప్పాను. పరీక్షకని నేను తెచ్చుకున్న పల్లికాయల సంచిలోంచి ఆమె ఓ కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. గింజలు గలగలమన్నాయి.

"ఎండింది," అంది.

"పచ్చిగా ఉందంటోంది ఇది," అన్నాను ఉక్రోషంగా.

ఆమె కాయ చిట్లించి గింజల్ని నా చేతిలో పెట్టింది. "పైపొట్టుకంత మన్నే ఉంటది. గింజ సంగతి గావాల్నంటే ఒలిచి సూడాలె గద."

గింజను పెట్టి చూశాను. ఐదుసార్లూ ఒకే అంకె. సంతోషం రాలేదు, ఒళ్లు మండిపోయింది. అంతమంది చదువుకున్నవాళ్లం, ఒక్కరమూ కాయ ఒలవలేదు.

ఇంతలో పెద్దమందడి బస్సొచ్చింది. ఆమె మెట్టెక్కి వెనక్కి తిరిగింది. "ఒలిచి నోట్లేస్కుంటే నాకే తెలుస్తది. మల్ల గీ డబ్బి ఎందుకు బిడ్డా?"

ఇప్పుడు పరికరంతో పాటు, ఎలా వాడాలో చెబుతూ ఇచ్చే కాగితంలో ‘కాయ ఒలిచి గింజ పెట్టాలి’ అన్న మొదటి వాక్యం నేను రాసిందే. ఆమెకు జవాబు రాద్దామని దాని కింద కాస్త చోటు వదిలాను. అది ఇంకా ఖాళీగానే ఉంది.