గోడ అవతలికి పోస్టు కార్డు

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి ఒక్కటే టెలిఫోను. మా ఇంటికి ఎదురుగా ఉన్న కిరాణా దుకాణంలో, ఉప్పు బస్తాల పక్కన ఉండేది. అది మోగితే దుకాణదారు బయటికి వచ్చి, నాలుగు ఇళ్ళ అవతలికి వినిపించేలా పిలిచేవాడు. "నిజామాబాద్ నుంచి ఫోనూ! టైర్ల సేటు మాట్లాడ్తడట, జల్ది రావయ్యా!" అని ఆయన మా బాపును పిలిచిన ప్రతిసారీ వీధిలో ఒక్కో గుమ్మంలో ఒక్కో ముఖం కనిపించేది. బాపు పెరట్లోకి పోయి గడ్డివాము చాటున నిలబడేవాడు. నేను వాకిట్లోకి వచ్చి, బాపు రుద్రూరు పోయిండని చెప్పేదాన్ని. ఆ ఏడాది మా బాపు రుద్రూరుకు ఎన్నిసార్లు పోయాడో లెక్కే లేదు. నిజానికి ఒక్కసారి కూడా పోలేదు.

మాది బోధన్. బాపు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే ఎడ్లబండ్లు నడిపేవాడు. రెండు బండ్లతో మొదలుపెట్టి, అప్పు మీద అప్పు చేసి ఆరు టైరు బండ్లు చేశాడు. టైర్లను నిజామాబాద్ సేటు దగ్గర, ఎద్దులను దెగ్లూరు వైపు నుంచి వచ్చే బేరగాడి దగ్గర అరువుకు కొన్నాడు. ఒక్క వానాకాలంలో గొంతువాపు రోగం వచ్చి ఏడు ఎద్దులు పోయాయి. మిగిలినవాటితో ఎలాగో నెట్టుకొద్దామనుకుంటే ఆ పై సీజనుకు చెరకు మోయడానికి లారీలు దిగాయి. అంతే. అక్కడి నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి.

ఆ ఉత్తరాలన్నీ చదివే పని నాది. బాపు చదివింది ఉర్దూ బడిలో, తెలుగు కూడబలుక్కుంటే తప్ప రాదు. అమ్మకు భజన పుస్తకంలోని అచ్చు అక్షరాలే వచ్చు. నేను బడికి పోలేదు కానీ, ఆ భజన పుస్తకం మీదా, బాపు తెచ్చే చెరకు తూకం చీటీల మీదా ఇంట్లోనే చదువు నేర్చుకున్నాను. ఎంత గజిబిజి చేతిరాత అయినా నాకు అంతుపట్టేది. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

బాపు అన్నానికి కూర్చున్న వేళకే పోస్టుమ్యాన్ వచ్చేవాడు. దేవుడు నన్ను క్షమించుగాక, ఆయన సైకిలు పంచరు కావాలని నేను రోజూ మొక్కుకునేదాన్ని. ఒకరోజు టైర్ల సేటు ఉత్తరం చదివాను. 'నీ ఇంటి ముందు నీ ఆడవాళ్ళు చూస్తుండగా నిలదీస్తాను' అని ఉంది అందులో. బాపు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండానే కంచంలో చెయ్యి కడిగాడు. ఎటో చూస్తూ, "బొంబాయి దిక్కు భీవండి పోతే మగ్గాల మీద పని దొరుకుతదట" అన్నాడు. అప్పులు తీర్చలేని మా వీధివాళ్ళు ఇద్దరు అలాగే భీవండి పోయారు. ఒకరి జాడ ఇంతవరకూ లేదు. ఆ రోజు నుంచి నేను ఏ పనిలో ఉన్నా మధ్య మధ్య వాకిట్లోకి వచ్చి బాపు చెప్పులు ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని. అవి కనిపించకపోతే వీధి చివరిదాకా పరుగెత్తి చూసేదాన్ని.

అందుకే నేను ఉత్తరాలు మార్చి చదవడం మొదలుపెట్టాను. 'దొంగా, మాటతప్పినవాడా' అని ఉన్నచోట 'అంతా క్షేమమని తలుస్తాను' అనేదాన్ని. వారం రోజుల్లో తీర్చకపోతే అని ఉంటే, వీలు చూసుకుని తీర్చమన్నాడని చెప్పేదాన్ని. బాపు నమ్మాడో లేదో తెలియదు కానీ, అన్నం మాత్రం తినేవాడు. ఆ ఉత్తరాలు ఇంకెవరి చేతనైనా చదివిస్తే నా గుట్టు బయటపడుతుందని, నీళ్ళు కాచే పొయ్యిలో వేసి కాల్చేసేదాన్ని. కొన్నింటిని విప్పను కూడా విప్పలేదు.

అలా రెండు నెలలు గడిచాక ఎవరో చెప్పగా బాపు నిజామాబాద్ పోయి ఒక వకీలును కలిశాడు. అప్పులు తీర్చే శక్తి లేదని, ఉన్నదంతా కోర్టుకు అప్పగిస్తానని దరఖాస్తు పెట్టుకోవచ్చట. దాన్ని మా వైపు ఐ.పి. పెట్టడం అంటారు. ఆ మాట వినగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వకీలు మాత్రం నెమ్మదిగా చెప్పాడట. అప్పిచ్చిన ప్రతి ఒక్కరి పేరూ, ఎంత ఇవ్వాలో, ఒక పట్టీలో రాయాలి. గట్టిగా అరిచేవాడికి లోపాయికారీగా చెల్లించడం, మిగతావాళ్ళను ఎగ్గొట్టడం కుదరదు. వచ్చిన ఉత్తరాలన్నీ పట్టుకుని రమ్మన్నాడు.

బాపు బస్సు దిగి వచ్చి, మొహం కడుక్కుని, "బిడ్డా, ఉత్తరాలు తే" అన్నాడు.

నేను తెస్తానని చెప్పి లోపలికి పోయి, పెరటి వాకిలి నుంచి నేరుగా పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తాను. ఆమె భర్త కూడా భీవండిలోనే ఉండేవాడు. ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు డబ్బులు పంపేవాడు. అక్క పొద్దున లేచిన దగ్గర నుంచి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమెకు చదువు రాదు. నా ఏడుపు చూసి కూడా ఆమె చెయ్యి ఆగలేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కడుతూనే అంతా విన్నది.

"ఎన్ని గాల్చినవే?"

"అన్నీ అక్కా."

"మంచిగనే ఉన్నది. మీ ఇంట్ల నీళ్ళన్న కాగినయ్."

నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. అప్పుడు ఆమె చాట పక్కన పెట్టి, తంబాకు వాసన వేసే చేతులతోనే నా ముఖం తుడిచింది. "కాయిదాలు గాలినయ్ గని, రాసినోళ్ళు గాలలే గద. మల్ల రాయుమని అడుగు" అంది. నాకు అర్థం కాలేదు. ఏ ఉత్తరం రాకూడదని పంచర్లకు మొక్కుకున్నానో, ఆ ఉత్తరాలనే మళ్ళీ పంపమని అడగాలా? "అడగనీకి నోరుంది గద పిల్లా, అబద్ధాలకు వాడినవ్, దీనికి వాడరాదా" అని నా చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది.

జరిగిందంతా చెప్పేశాక బాపు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా వైపు చూసి, "ఏమేం రాసిన్రో యాదికున్నదా?" అన్నాడు. ఉంది. చదివిన తిట్లన్నీ అక్షరం పొల్లుపోకుండా యాదికున్నాయి. వడ్డీతో ఎవరికెంత అయిందో ఆ అంకెలు మాత్రం ఒక్కటీ లేదు. ఆ మాట చెప్పినప్పుడు బాపు నవ్వాడు. రెండు నెలల్లో ఆయన నవ్వగా చూడటం అదే.

దుకాణం నుంచి పోస్టు కార్డులు తెప్పించారు. నేను చాప మీద బోర్లా పడుకుని రాయడానికి సిద్ధమయ్యాను. అక్క చెబుతుంటే బాపు ఊ కొట్టాడు. మీ ఉత్తరం చేరింది, మా ఇంటి పొరపాటు వల్ల పోయింది, నేను మీకు ఇవ్వాల్సింది ఎంతో మళ్ళీ రాయండి, కోర్టు పట్టీలో మీ పేరు రాయాలి. అంతవరకూ రాసి నేను కలం ఎత్తాను.

"ఇంకోటి రాయి" అంది అక్క. "నేను ఊర్లనే ఉన్న, యాడికీ పోను అని రాయి. ఆ సేట్లకు భయం గదే గదన్నా. తిట్లన్నీ గా భయంతోటే."

బాపు గోడకు ఆనుకుని తల వంచుకుని కూర్చున్నాడు. నా కలం చివర సిరా బొట్టు కట్టి ఎక్కడ కార్డు మీద పడుతుందోనని నేను చెయ్యి పక్కకు పట్టుకున్నాను. ఆయన రాయొద్దంటాడని నాకు గట్టిగా అనిపించింది. తరువాత అమ్మ చెప్పింది, అప్పటికే మూట కట్టుకుని గడ్డివాములో దాచుకున్నాడట. అది అక్క చూసిందో, లేక భర్తను పోగొట్టుకున్నదానిలా బతుకుతున్న మనిషికి చూడకుండానే తెలిసిపోయిందో, ఆ దేవుడికే ఎరుక.

"రాయి బిడ్డా" అన్నాడు బాపు చివరికి.

తొమ్మిది కార్డుల మీద తొమ్మిదిసార్లు ఆ మాట రాశాను. రాసిన ప్రతిసారీ బాపు దాన్ని పైకి చదివించుకుని విన్నాడు. తొమ్మిది మందికి మాట ఇచ్చి మా బాపు ఎక్కడికీ పోలేడని అప్పుడు నా చిన్న బుర్రకు తట్టలేదు. ఆ సాయంత్రం చెప్పులు చూడటం మరిచిపోయానని మాత్రం నిద్రపోయే ముందు గుర్తొచ్చింది.

జవాబులు వచ్చాయి. అన్నీ మెత్తగా లేవు. ఒకాయన మునుపటికంటే ఎక్కువ తిట్టాడు. ఈసారి నేను ఉన్నది ఉన్నట్టే చదివాను. బాపు అన్నం తింటూనే విన్నాడు. దెగ్లూరు బేరగాడు తానే వచ్చి, మా వాకిట్లో కూర్చుని, చాయ తాగి, "ఊర్ల ఉన్నోనితోటి కొట్లాడొచ్చు, పోయినోనితోటి ఏం కొట్లాడ్త" అని తన లెక్క చెప్పి పోయాడు. ఫోను మోగినప్పుడు బాపు తానే వీధి దాటి వెళ్ళి రిసీవరు పట్టుకున్నాడు. ఆయన మాట వీధంతా వినిపించింది.

కోర్టుకు పోవడానికి వారం ముందు పట్టీ రాయడం పూర్తయిందనుకున్నాం. బాపు ఇంకొక కార్డు తీసి నా ముందు పెట్టాడు. ఉత్తరం పోయిందన్న ముక్క తప్ప అవే మాటలు, కాకపోతే ఇవ్వాల్సిన సొమ్ము ఎంతో ఈసారి ఆయనే చెప్పాడు. రెండు వందల రూపాయలు. అడ్రసు ఎవరిదని అడిగితే పక్కింటి అక్క పేరు చెప్పాడు. ఎద్దుల మందులకని అమ్మ పోయి అడిగితే, ఇంటిమీద పెంకులు మార్పించుకోవడానికి దాచుకున్న బీడీల డబ్బు మొత్తం తీసి ఇచ్చిందట. కాగితం లేదు. ఆ వానాకాలమంతా ఆమె ఇంట్లో చుక్క చుక్కకీ ఒక గిన్నె పెట్టుకుంది. గిన్నెలు తక్కువైతే మా ఇంటి నుంచే తీసుకుపోయింది. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

"గోడ అవతలికి పోస్టెందుకు బాపు? పిలిస్తే పలుకుతది గద."

"అందరికి ఎట్లనో ఆమెకు గట్లనే. డబ్బాల వేసి రా."

మరునాడు అక్క ఆ కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నాకు ఉత్తరమెవరు రాస్తరే? ఆయనకేమన్న అయ్యిందేమో సదువు పిల్లా, ఉన్నదున్నట్టు సదువు" అంది. నా రాతే నేను చదివి వినిపించాను. ఇవ్వాల్సింది ఎంతో చదివాను. నేను ఊర్లనే ఉన్న, యాడికీ పోను అన్నది కూడా చదివాను.

ఆమె గడప మీద కూలబడింది. "నేను అడిగిన్నా?" అంది. కోపంగా అన్నదో, ఏడుపులో అన్నదో తెలియలేదు. బాపు లోపలి నుంచి వినిపించేలా, "నువ్వు అడగలే. అందుకే రాయాల్సొచ్చింది" అన్నాడు. అక్క నా భుజం తట్టి, "గా పెద్ద పెద్ద సేట్ల నడుమ నా పేరుంటదా?" అని అడిగింది. ఉంటది అక్కా, పదోది అన్నాను. "అగో!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ కార్డు మడవకుండా రవికలో పెట్టుకుని పోయింది.

బాపు ఐ.పి. పెట్టాడు. బండ్లు, ఎద్దులు వేలానికి పోయాయి. రూపాయికి అయిదణాల లెక్కన పట్టీలో ఉన్న పది మందికీ ముట్టింది. మిగతాది ఇవ్వనక్కర్లేదని కోర్టు అన్నది. అక్కకు రావలసిన మిగతాది మాత్రం అమ్మా నేనూ బీడీలు చుట్టడం నేర్చుకుని, మూడేళ్ళలో తీర్చాం. చుట్టడం నేర్పింది అక్కే. పెంకులు ఎక్కించిన రోజు ఆమె మా ఇంటి గిన్నెలన్నీ తోమి తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు. ఇంటికి వచ్చిన ఏ కాగితాన్నీ నేను పొద్దుగూకేదాకా విప్పకుండా ఉంచను. మనసు దడదడలాడినా సరే, ఉన్నది ఉన్నట్టే చదువుతాను. ఇక నేను అప్పుపడ్డవాళ్ళ సంగతి. అడిగేవాళ్ళు తమను నేను మరిచిపోకుండా వాళ్ళే చూసుకుంటారు. కష్టంలో నాకు చెయ్యిచ్చి, ఒక్కనాడూ అడగని వాళ్ళ పేర్లు నేను రోజూ పొద్దున దీపం వెలిగించేటప్పుడు ఒక్కొక్కటిగా తలుచుకుంటాను. ఆ వరుసలో పక్కింటి అక్క పదోది కాదు.