తొమ్మిదో గడప

తెనాలిలో మా ఇంటి స్నానాలగది నేల వంకర అని నేను నాలుగేళ్ళపాటు ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. స్టాఫ్‌రూములో చెప్పాను, పక్కింటావిడకి చెప్పాను, రేపల్లె రైల్లో ఎదురుగా కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ నేల వేసిన బాపట్ల మేస్త్రీని నాలుగు మాటలు అన్నాను. నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. కాకపోతే, న్యాయం లేకుండా ఎవర్నీ అననని నాకో నమ్మకం ఉండేది.

మా పెళ్ళి అరవైల చివర్లో జరిగింది. ముహూర్తం లేదు, పురోహితుడు లేడు. రాహుకాలం ఎప్పుడో కనుక్కుని మరీ ఆ వేళకి ఒక స్కూలు ఆవరణలో దండలు మార్చుకున్నాం. మా వైపు రైతు కుటుంబాల్లో అప్పటికే అలాంటి పెళ్ళిళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి అవుతూనే ఉన్నాయి. మావారు లెక్కల లెక్చరరు. సాయంత్రాలు సభల్లో మాట్లాడేవారు. జాతకాలు, శకునాలు, వాస్తు, ఒక్కొక్కదాన్నే తీసుకుని ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిచి, చివరికి చేతిలో ఏమీ మిగలలేదని చూపించేవారు. మా నాన్న చూసిన సంబంధం కాదని నేనీయన్ని చేసుకున్నది రూపం చూసి కాదు, పొలం చూసి కాదు. ఆ ఒలవడం చూసి.

మేం కొన్న ఇల్లు పాతది. స్నానానికి దొడ్లో తడికల చాటుకి పోవాలి. వానాకాలం పొద్దున్నే నెత్తిన తువ్వాలు కప్పుకుని బురదలో దొడ్లోకి పరిగెత్తి, మళ్ళీ అదే బురదలో తిరిగొచ్చి, చీర కట్టుకుని బడికి పోయి ఆడపిల్లలకి శుభ్రత గురించి పాఠం చెప్పేదాన్ని. రెండేళ్ళు పోరాడితే, డెబ్భైల మొదట్లో పడకగది వెనక వరండాలో ఒక మూల గోడలు లేచాయి. గదిలోంచే వెళ్ళేటట్టు ద్వారం పెట్టించాం. గడప తర్వాత చూద్దామని ముందు పక్కలకీ పైనా మాత్రమే ద్వారబంధం బిగించారు.

నేల మీద మొజాయిక్ బిళ్ళలు పరిచింది బాపట్ల నుంచి వచ్చిన మేస్త్రీ. నడివయసు మనిషి, మాట తక్కువ. ఆదివారం చర్చి తప్పదని శనివారం సాయంత్రమే రైలెక్కేవాడు. నీళ్ళు తూముకేసి పోయేలా వాలు బాగానే ఇచ్చాడు. ద్వారం దగ్గర మాత్రం నాలుగు బిళ్ళలు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. కాలి బొటనవేలికి తెలిసేంత తేడా. అడిగితే, బిళ్ళలే మందంలో తేడాగా వచ్చాయనీ, వాటికి తగ్గట్టు గడప అడుగు చెక్కిస్తే చుక్క నీరు ఇటు రాదనీ చెప్పాడు. నేను నమ్మీ నమ్మనట్టు తలాడించాను.

గడపకి మాత్రం తెనాలి వడ్రంగుల్ని పిలవలేదు. రేపల్లె పక్కన మా పుట్టిన ఊరి వడ్రంగికి కబురు పంపాను. మా నాన్న ఇంట్లో ప్రతి తలుపూ ఆయన చేతిదే. నేను అక్షరాలు దిద్దిన పలకకి చట్రం బిగించిందీ ఆయనే. బాబాయ్ అని పిలిచేదాన్ని. గోనెసంచిలో పనిముట్లు వేసుకుని పొద్దుటి బండికి దిగాడు.

టేకు చెక్క కోసి చిత్రికపట్టి, బట్టలకి పెట్టే నీలిమందు ఉందా అని అడిగాడు. దాన్ని గిన్నెలో చిక్కగా కలిపి, ఆ నాలుగు బిళ్ళల మీదా గుడ్డతో పూసి, గడపని మెల్లగా దాని మీద ఆనించి ఎత్తాడు. చెక్క అడుగున రెండు చోట్ల నీలం అంటింది. అవి ఎత్తుగా ఉన్న బిళ్ళలు తగిలే చోట్లు. అక్కడ ఉలితో తీశాడు. మళ్ళీ పూశాడు, మళ్ళీ ఆనించాడు. ఈసారి నాలుగు చోట్ల అంటింది. ఒక కొస నేను పట్టుకున్నాను. ఎన్నిసార్లు ఎత్తి దించామో గానీ, ఆఖరుసారి తిరగేసేసరికి చెక్క అడుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే నీలం. అంటే నేల ఎట్లా వంకరపోయిందో గడప కూడా అట్లాగే వంకరపోయి దాన్ని కరుచుకుంది.

"చూసుకో అమ్మాయ్, చీమ దూరదు," అన్నాడు.

నేను నీలం చేతులు కడుక్కుని బడికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి గడప బిగిసి ఉంది. అంచుల వెంబడి, కిటికీ అద్దాలకి పెట్టే లప్పం నున్నగా పూసి ఉంది. బాబాయీ మావారూ వరండాలో కాఫీ తాగుతున్నారు. నన్ను చూసి మాట ఆపారు. ఆపితే ఆపారు, మగవాళ్ళ మాటలు నాకెందుకు అనుకున్నాను. నా జన్మలో నేను వాదన పెట్టుకోకుండా వదిలేసిన సందర్భం బహుశా అదొక్కటే.

నెల తిరక్కుండానే గడప కింద నుంచి నీళ్ళు రావడం మొదలైంది. సన్నటి గీతలా వచ్చి, మంచం కాలి పక్కగా పోయి, బీరువా కింద ఆగేవి. అడుగు అరలో, ప్రైవేటుగా ఎమ్మేకి కట్టి రాత్రీ పగలూ రాసుకున్న నా నోట్సు ఉండేవి. రెండుసార్లు నానాయి. రెండోసారి కాగితాలు విడదీయబోతే అక్షరాలు కాగితం వదిలి నా వేళ్ళకి అంటుకున్నాయి.

మేస్త్రీకి కార్డు రాశాను. మరుసటి వారమే వచ్చాడు. వాకిట్లోనే నిలబెట్టి, పక్కింటివాళ్ళు ఇద్దరు గోడ మీంచి చూస్తుండగా, దులిపేశాను. ఆయన అన్నదొకటే.

"ఒక్కసారి గడప ఎత్తించండమ్మా. కింద ఏముందో చూసి మాట్లాడుకుందాం."

మావారు వెనక నుంచి అడ్డం వచ్చారు. ఎత్తితే లప్పం పోతుందనీ, పని మళ్ళీ మొదటికొస్తుందనీ, నేలే వంకరైతే గడప మాత్రం ఏం చేస్తుందనీ అన్నారు. నేను అందుకున్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది మేస్త్రీ. వంకర నువ్వేసి గడపనంటావేంటి?"

"నా పని నాకు తెలుసండి," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రైలు చార్జీ ఇవ్వబోయినా తీసుకోలేదు.

అంతటితో ఊరుకున్నానా? మా బళ్ళో సైన్సు టీచరు వడ్లమూడిలో ఇల్లు కడుతూ, అంతకుముందు నేను చెప్పానని ఆయన్నే మాట్లాడుకుంది. నా స్నానాలగది కథంతా విని, వేరే మేస్త్రీని పెట్టుకుంది. నేను దాన్ని ఉపకారం అనుకున్నాను.

నాలుగేళ్ళు గడప కింద గోనెపట్టా కుక్కుకుంటూ బతికాం. ఒక ఆదివారం మావారు ఏదో సభకి పోయారు. మూఢనమ్మకాల మీదే ఉపన్యాసం. నేను నేల రుద్దుతుంటే లప్పం ముక్క ఒకటి ఊడి పడింది. సందులో పాత అట్లకాడ దూర్చి ఎత్తితే, గడప మారాం చేయకుండా పీటలా పైకి లేచింది. కొసలు ద్వారబంధంలోకి దిగనే లేదు. తిరగేశాను.

నీలం లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా, నా చేతుల్తో పట్టుకుని చూసిన ఆ నీలం ఎక్కడా లేదు. చిత్రిక గీతలు మాత్రం ఉన్నాయి. రెండు కొసల దగ్గరా చెరో బియ్యపుగింజంత ఎత్తు పుల్లముక్క కొట్టి ఉంది. మిగతా చెక్క నేలకి ఆనకుండా ఉండడానికి.

దాన్ని గోడకి ఆనించి, చేతులు కడుక్కున్నాను.

మధ్యాహ్నం రేపల్లె బండికి మా ఊరు బయల్దేరాను. భట్టిప్రోలు దాటేదాకా బాబాయి పొరపాటున చేశాడనే సర్దిచెప్పుకున్నాను. అంత బాగా కుదిర్చినవాడు పొరపాటున ఎట్లా చెడగొడతాడో మాత్రం తేల్చుకోలేకపోయాను. నేను వెళ్ళేసరికి ఆయన పందిరి కింద బండిచక్రానికి ఆకులు బిగిస్తున్నాడు. నేను నోరు తెరవకముందే సంగతి అర్థమైనట్టుంది, సుత్తి కింద పెట్టాడు.

"అల్లుడుగారు చెప్పారమ్మాయ్. ఊరి అల్లుడి మాట తీసెయ్యమంటావా?"

జరిగింది ఇదీ. వడ్రంగి అలవాటు కొద్దీ బాబాయి మా ఇంట్లో గడపలు లెక్కపెట్టాడు. అప్పటికి ఎనిమిది. ఇది తొమ్మిదోది, బేసి అవుతుందని ఊరికే పైకి అన్నాడు. గడపలు బేసి ఉండకూడదని మా వైపు పట్టింపు. వెంటనే తనే, బాత్‌రూముది లెక్కలోకి రాదులెండి అని కూడా అన్నాడట. మావారి మొహం మాత్రం పాలిపోయిందట. మార్గం ఏదన్నా ఉందా అని అడిగారట. నేలకి ఆని, కొసలు దిగితేనే గడప, లేకపోతే వట్టి అడ్డకర్ర అని బాబాయి చెప్పాడు. అయితే అడ్డకర్రే చేసెయ్యమన్నారు. నేను బళ్ళో పాఠం చెబుతున్న గంటలో, నేను కొస పట్టుకుని కుదిర్చిన దాన్ని చిత్రికతో లేపేశారు.

"నేను ఆ మేస్త్రీని ఊరూరా తిడుతున్నానని తెలుసుగా బాబాయ్?"

"తెలుసు."

"మరి చెప్పవేంటి?"

"చెబితే నువ్వు ఆయనతో ఊరుకుంటావా? నీ కాపురం కంటే ఆ మేస్త్రీ పేరెక్కువా నాకు?"

చిన్నప్పుడు నా పలకకి చట్రం బిగించిన చేతులు అవి. కాఫీ తాగి వెళ్ళమన్నాడు. తాగకుండా వచ్చేశాను.

మావారు వచ్చేసరికి ఆ చెక్కని ఆయన బల్ల మీద, సభ కోసం రాసుకున్న కాగితాల పైన, బోర్లించి పెట్టాను. ఆయన చూశారు. చెప్పులు విడవడానికి చాలాసేపు తీసుకున్నారు.

"నమ్మకం ఉండి కాదు," అన్నారు.

"మరి?"

"ఏమీ జరగదని తెలుసు. అయినా, జరిగితే?"

సరిసంఖ్యా బేసిసంఖ్యా పిల్లలకి చెప్పే మనిషి ఆ రెంటి మధ్యా ఇరుక్కుని నిలబడ్డారు. నాకు ఆ భయం మీద అంత కోపం రాలేదు, నిజం చెప్పాలంటే. మనిషన్నాక ఎక్కడో ఒక మూల తడి ఉంటుంది. మేస్త్రీ వాకిట్లో నిలబడి ఎత్తి చూడమన్నప్పుడైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు నవ్వుతావని."

నవ్వేదాన్నే. ఒక సంవత్సరం పాటు నవ్వేదాన్ని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పి నవ్వేదాన్ని. కానీ ఆ నవ్వు తప్పించుకోవడానికి ఒక మనిషి పనితనాన్ని నా నోటితోనే ఊరంతా తిట్టించారు. తాను నోరు విప్పి ఒక్క మాట అనలేదు. నా నోరుండగా ఆయనకి వేరే నోరెందుకు?

ఆ వారంలోనే బాపట్ల వెళ్ళి మేస్త్రీ ఇల్లు వెతుక్కున్నాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆయన విని, నవ్వలేదు, కోప్పడలేదు. క్షమించమని అడిగితే, ఇక్కడ కాదన్నాడు.

"మీ వాకిట్లో అనండమ్మా. ఆ వేళ విన్నవాళ్ళు వినాలి గదా."

అన్నాను. పక్కింటివాళ్ళని పిలిచి, వాళ్ళ ముందు, తప్పు నేలది కాదు, మా ఇంటిదని చెప్పాను. మావారు లోపలే ఉన్నారు. సైన్సు టీచరుకి కూడా చెప్పాను. ఆమె ఇల్లు అప్పటికే అయిపోయింది. మేస్త్రీ కొత్త చెక్క తెప్పించి, నీలిమందు నాచేతే కలిపించి, అడుగు వడ్రంగి చేత చెక్కించి కుదిర్చి, కొసలు గోడలోకి దింపి, సిమెంటు పోశాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా చుక్క నీరు ఇటు రాలేదు.

మావారు మాత్రం మర్నాటి నుంచి దొడ్లో స్నానం మొదలుపెట్టారు. చన్నీళ్ళు, ఆరుబయట గాలి, ఆరోగ్యమట. ఇప్పటికీ అంతే. వానొచ్చినా నెత్తిన తువ్వాలు వేసుకుని బురదలో పోతారు. కిటికీలోంచి చూస్తాను. వాదించను.