పెట్టెలో ఎండ

చర్చిలో సాయంత్రం ఆరాధన ముగించుకొని మడివాళలో బస్సెక్కాను. పక్క సీటులో ఒకామె ఒళ్లో పెట్టె పెట్టుకుంది. మూత సందుల్లోంచి ఆవిరి వస్తోంది. బాంబేమోనని ఎవరో అనగానే బస్సు ఆగింది.

“మూత తీయమ్మా, లేదంటే దిగు,” అన్నాడు కండక్టరు.

“అన్నం ఉడకతా ఉండాదప్పా. పగలంతా నేను పనిచేసే ఇంటి మిద్దెమీద అద్దం కింద ఎండకు కాగిన రాళ్లు అడుగున ఉండాయి. తీస్తే వేడి పోతాది. ఇంట్లో గ్యాస్ లేదు, పిల్లోళ్లు ఆకలితో ఉండారు.”

“రాళ్లతో అన్నమా? ఎవరి చెవిలో పూలు పెడతావు?” వెనక నుంచి ఒకతను నవ్వాడు.

ఎవరూ నమ్మలేదు. ఆమె మూత తీసి చూపించింది. సగం ఉడికిన అన్నం. వేడంతా కిటికీలోంచి పోయింది. బస్సు కదిలాక పెట్టెను కొంగుతో చుట్టి, వైట్‌ఫీల్డ్ దాకా రెండు చేతులతో అదిమి పట్టుకునే కూర్చుంది.

నేను ఇప్పటికీ రోజూ మోకరిస్తాను. నువ్వున్నావని నమ్మడానికి ఏదైనా సూచన చూపించమని మాత్రం ప్రభువును అడగను.